నారుమడికి చేసేదే కుండీకీ: చలికాలంలో లేత మొక్కలు

నల్గొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఆకు మీద నీరు గడ్డకట్టేంత చలి పడదు. ఉత్తరపు పొడిగాలి తిరిగిన రోజుల్లో తెల్లారగట్ల 10-12 డిగ్రీలకు దిగుతుంది, పొద్దెక్కితే మళ్లీ 28 దాకా పోతుంది. ఈ ఇగానికి చచ్చే మొక్కలు తక్కువ. ఇగానికి భయపడి మనం చేసే పనులకు చచ్చేవే ఎక్కువ. రోజంతా ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచడం, ఆకు వాడిందని సాయంత్రం బకెట్ నీళ్లు గుమ్మరించడం, ఎదగట్లేదని యూరియా వేయడం.

మిద్దె మీద కుండీలు పెట్టినవాళ్లు ఒకసారి యాసంగి నారుమడి దగ్గరికి వెళ్లి చూడాలి. డిసెంబర్‌లో వరి నారు పోసిన రైతు రాత్రి పూట మడి మీద పట్టా కప్పి, పొద్దున్నే తీసేస్తాడు. రాత్రంతా చల్లబడ్డ నీటిని తెల్లారి బయటికి వదిలి, బోరు నీళ్లు కొత్తగా పెడతాడు. బోరు నీళ్లు భూమి లోపలి నుంచి వస్తాయి కాబట్టి గోరువెచ్చగా ఉంటాయి. నారు ఎర్రబారితే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేస్తాడు. రాత్రి కప్పు, పగలు ఎండ, వేరుకు వెచ్చటి నీరు. కుండీలో టమాటాకైనా పెరట్లో తమలపాకు తీగకైనా కావలసింది ఇదే.

ముందు కప్పు సంగతి. మబ్బులేని, గాలి కదలని రాత్రే మొక్కకు గండం. పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రి నేరుగా ఆకాశంలోకి పోతుంది, పైన కనబడే ఆకులు చుట్టూ ఉన్న గాలి కన్నా ఎక్కువ చల్లబడతాయి. మబ్బు పట్టిన రాత్రి కప్పే పనే లేదు. పందిరి కిందో వేపచెట్టు కిందో ఉన్న కుండీకీ అక్కర్లేదు. బయట ఉన్నవాటికి పాత నూలు పంచె, లుంగీ, పలచటి చీర చాలు. దుకాణాల్లో దొరికే తెల్లటి 17 జీఎస్ఎం (చదరపు మీటరుకు 17 గ్రాములు తూగే) క్రాప్ కవర్ ఇంకా తేలిక. ప్లాస్టిక్ తప్పకపోతే ఆకుకు తగలకుండా కట్టాలి, ఎందుకంటే అది ఆనిన చోట ఆకు బయట ఉన్నంత చల్లగానే ఉంటుంది. పైగా లోపల పట్టిన చెమ్మ ఆకు మీదే కారి మచ్చలు తెస్తుంది.

మూడడుగుల వెడల్పు మడికి ఆరడుగుల వెదురు దబ్బలు కోయాలి. రెండు కొసలూ అరడుగు చొప్పున నేలలో దిగితే మధ్యలో అడుగున్నర ఎత్తు కమాను వస్తుంది. మూడడుగులకు ఒకటి పాతి పైన బట్ట వేసి, అంచులు నేలకు ఆనేలా ఇటుకలు పెట్టాలి. అంచు నేలకు ఆనకపోతే పెట్టిన శ్రమంతా దండగే. మొక్కను వెచ్చగా ఉంచేది బట్ట కాదు, నేల నుంచి లేచే వేడి. బట్ట దాన్ని ఆపుతుందంతే. కాండం చుట్టూ గొడుగులా కట్టి కింద ముడివేసిన కప్పు అందుకే పనిచేయదు. పొద్దు వాలేముందు కప్పి, ఎనిమిది, ఎనిమిదిన్నరకు తీసేయాలి. పదింటి దాకా మరిస్తే ప్లాస్టిక్ కింద మొక్క ఉడికిపోతుంది. బట్ట కిందైతే ఉడకదు గానీ తేనెటీగ లోపలికి రాక దోస, గుమ్మడి పిందెలు నిలవవు.

కుండీలు పెట్టే చోటులోనే సగం పని ఉంది. మన దగ్గర డిసెంబర్ ఎండ దక్షిణానికి ఒరుగుతుంది. మూడడుగుల పిట్టగోడ నడి మధ్యాహ్నం కూడా రెండున్నర అడుగుల నీడ వేస్తుంది. అందుకే దక్షిణపు పిట్టగోడ పక్కన ఉన్న కుండీలకు ఈ రెండు నెలలూ ఎండ తగలదు. వాటిని ఉత్తరపు గోడ దగ్గరికి జరపండి. చలిగాలికి గోడ అడ్డు, ఎదురుగా ఎండ, రాత్రికి గోడ వదిలే వేడి. వేసవిలో కట్టిన పచ్చ షేడ్‌నెట్ ఇంకా పైనే ఉంటే విప్పేయండి. అది ఉన్నంతకాలం కుండీ మట్టి పగలు కూడా వేడెక్కదు.

నీళ్ల విషయంలోనే ఎక్కువమంది పొరపడతారు. చల్లటి మట్టిలో వేరు నీటిని తాగలేదు. మట్టి తడిగానే ఉన్నా మధ్యాహ్నం ఆకు వాలుతుంది. దాహమనుకుని ఇంకా పోస్తాం, వేరు కుళ్లుతుంది. రెండంగుళాల లోతుకు వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే ఎనిమిది, పది గంటల మధ్య పోయండి. రాత్రంతా మిద్దె మీద చల్లబడ్డ ట్యాంకు నీళ్ల కన్నా అప్పుడే తోడిన బోరు నీళ్లు మేలు. నేలలో పెరిగే మొక్కకు లెక్క కొంచెం వేరు. ఎర్ర చెలక బాగా ఎండితే వేడిని దాచుకోదు కాబట్టి పొద్దున పలచగా తడి ఇవ్వాలి.

కార్తీకం నుంచి ధనుర్మాసం దాకా తులసి ఎండిపోయిందని చాలా ఇళ్లలో బాధపడతారు. చలికి కొంత ఆకు రాల్చడం తులసికి సహజమే. దానికి తోడు తెల్లారకముందే చెంబెడు చన్నీళ్లు రోజూ పడతాయి, కోట అడుగున రంధ్రం ఉండదు. పూజకు ఉద్ధరిణెడు పోసి, మిగతా చెంబు మరో మొక్కకు పోస్తే సరి. కంకులు ఎప్పటికప్పుడు తుంచేయండి.

కరివేపాకు పసుపెక్కితే యూరియా జోలికి పోవద్దు. చల్లటి వేరు దాన్ని తీసుకోలేదు. కత్తిరింపు కూడా రథసప్తమి దాటాకే. టమాటాకు రాత్రి 13 డిగ్రీల కన్నా దిగితే పుప్పొడి సరిగ్గా తయారవక పూత రాలుతుంది. అది పురుగూ కాదు, తెగులూ కాదు, మందు కొట్టి లాభం లేదు. లేత నారు ఆకు అడుగు ఊదా రంగుకు తిరిగినా కంగారు పడొద్దు. చల్లటి మట్టిలో భాస్వరం అందకపోతే అలా అవుతుంది, ఎండ ముదిరితే పోతుంది. అడీనియం (ఎడారి గులాబీ) ఆకు రాలుస్తున్నదంటే నీళ్లు పూర్తిగా ఆపేయడమే.

మొదలు చుట్టూ గడ్డో పొట్టో పరిచే మల్చింగ్ అందరూ చెప్పేదే, కానీ అన్నిటికీ పనికిరాదు. మల్లె, బొప్పాయి, అరటి మొదళ్లకు రెండు మూడంగుళాల పల్లికాయ పొట్టో వరిగడ్డో మంచిదే. కాండానికి రెండంగుళాలు ఎడం ఉంచాలి. మిర్యాలగూడ వైపు మిల్లుల్లో ఊక తేలిగ్గా దొరుకుతుంది. ఎర్ర నేలల్లో వరిగడ్డికి చెదలు పట్టే ప్రమాదం ఉంది, చూసుకోవాలి. నారు మళ్లకు మాత్రం మందంగా వేయకండి. అది పగటి ఎండను మట్టికి చేరనివ్వదు, గింజ మొలవడమే ఆలస్యమవుతుంది. 25-30 డిగ్రీల్లో వారంలోపు మొలిచే టమాటా, మట్టి 15 దగ్గర ఉంటే రెండు వారాలు పడుతుంది. సొర, కాకర గింజల్ని రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో మూటకట్టి వంటింట్లో వెచ్చటి చోట ఉంచి, మొలక కనబడ్డాకే నాటండి.

దెబ్బ తిన్న ఆకుల్ని వెంటనే కత్తిరించవద్దు. పైన మాడిన ఆకు కింది చిగురుకు కప్పుగా పనికొస్తుంది. చలి దెబ్బ పై ఆకుల మీద నీరు పట్టినట్టు మచ్చలుగా మొదలై నల్లబడుతుంది. కింది ఆకులు పసుపెక్కి మట్టి తడిగా ఉంటే అది నీళ్ల పని. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు మాత్రమే గోధుమరంగుకు మాడితే నల్గొండ వైపు చలిని అనుమానించకముందు బోరు నీటిని అనుమానించాలి. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఈ మొక్కలు దాన్ని ఓర్చుకోలేవు. ఆ కుండీల్ని ఎన్నిసార్లు ఇంట్లోకి మోసినా ఫలితం ఉండదు. వాటికి పట్టిన వాన నీళ్లో ఆర్‌వో నీళ్లో పోయండి, సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వేయకండి, దాంట్లోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.