తాతయ్య తండ్రి ఎవరు?

మా తాతయ్య బడి రిజిస్టరులో తండ్రి పేరు ఒకటి ఉంది. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1932లో రాసిన పొలం దస్తావేజులో ఇంకొకటి ఉంది. ఆ ఇద్దరూ స్వయానా అన్నదమ్ములు, రిజిస్టరులో ఉన్నది తమ్ముడి పేరు, దస్తావేజులో ఉన్నది అన్నగారి పేరు. ఇంటిపేరు ఒకటే, గోత్రం ఒకటే కాబట్టి వాటితో తేలేది ఏమీ లేదు. మా ఇంట్లో పెద్దవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు, కానీ ఎవరూ ఎత్తరు. అమెరికాలో పుట్టి పెరిగిన మా అమ్మాయి హైస్కూలు కోసం వంశవృక్షం వేస్తూ, "అమ్మా, ఈ ఇద్దరిలో ఎవరి పేరు రాయాలి?" అని అడిగేదాకా నేనూ ఎత్తలేదు.

అత్తయ్యకు ఫోన్ చేస్తే, "ఆ పాత సంగతులు చిన్నపిల్లకెందుకే? ఏదో ఒక పేరు రాసెయ్యమను" అంది. అత్తయ్య భయం నాకు అర్థమవుతుంది. మన దగ్గర తండ్రి పేరు మీద అనుమానమంటే తల్లి మీద మాట పడుతుంది. కానీ ఏదో ఒక పేరు రాయించడానికి నాకు మనసు ఒప్పలేదు. దేశం కాని దేశంలో పెరుగుతున్న పిల్లలకు మన కుటుంబం గురించి మేం చెప్పిందే తెలుస్తుంది. సందులో ఎదురై ఇంకో కథ చెప్పే ముసలమ్మ ఇక్కడ ఉండదు. అందుకే, తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు చెప్పాలనుకున్నాను.

మా ఇంట్లో కథలు రెండున్నాయి. పిల్లలు లేకుండా పోయిన అన్నగారి పేరు నిలబెట్టడానికి ఆయన భార్య మరిది కొడుకును దత్తత తీసుకుందన్నది ఒకటి. తాతయ్య అన్నగారి సొంత కొడుకేననీ, తండ్రి పోయాక పినతండ్రి ఇంట్లో పెరిగాడనీ రెండోది. బడిలో చేర్పించింది ఆ పినతండ్రే కాబట్టి రిజిస్టరులో ఆయన పేరు పడి ఉండొచ్చు. ఆ రోజుల్లో పిల్లవాణ్ణి వేలు పట్టుకుని తీసుకొచ్చిన మనిషి చెప్పిందే మాస్టారు రాసుకునేవారు. పుట్టినరోజు తెలియకపోతే తోచిన తేదీ వేసేవారు. మా తాతయ్యకు జూలై 1 వేశారు, ఆ తరంలో ఎంతమందికో ఉన్నట్టే.

దస్తావేజు నకలు బాబాయి ఫోన్లో పంపాడు. గొలుసుకట్టు రాత, మధ్యలో సిరా పాకిపోయింది. ఆదివారం తెలుగు బడిలో గుండ్రటి అక్షరాలు నేర్చుకున్న మా అమ్మాయికి మొదటి వరుస దాటడానికే సాయంత్రం పట్టింది. స్క్రీన్ పెద్దది చేసి, ఒక్కో అక్షరం కాగితం మీద విడదీసి రాసుకుంది. చివరికి "మైనరు గనుక తల్లియును గార్డియనును అయిన" అన్న చోట ఆగి, "తల్లి అనే రాశారు, దత్తత అని లేదు" అంది. నేను అంతకుముందు చదివినా అది పట్టించుకోలేదు. అయితే అక్కడ దత్తత అని లేకపోతే దత్తత జరగలేదని కాదు. ఆ కాగితం పొలం అమ్మడానికి రాసింది. అమ్మే హక్కు ఎవరికుందో చెప్తే దాని పని అయిపోతుంది.

పాత కాగితం దేన్ని చూసినా ముందు అడగాల్సింది అది ఏ పనికి పుట్టిందని. దీన్ని పిల్లలకు ఎంత చెప్పినా తక్కువే. ఇక్కడి పిల్లలకు రికార్డంటే ఒకే సర్టిఫికెట్, ఒకే నిజం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బిడ్డను దత్తత ఇస్తే పెంచుకునే తల్లిదండ్రుల పేర్లతో కొత్త బర్త్ సర్టిఫికెట్ ఇచ్చి, పాతదానికి సీలు వేస్తారు. దత్తత వచ్చిన స్నేహితురాలి వల్ల మా అమ్మాయికి ఇది తెలుసు. అందుకే, "మన వాళ్ల అసలు సర్టిఫికెట్ ఎక్కడ దాచారు?" అని అడిగింది. దాచడం మాట అటుంచి, మా తాతయ్య పేరున అలాంటి కాగితమే మాకు దొరకలేదు. ఊళ్లో జనన మరణాలు రాసుకునేది మునసబు. 1984లో మునసబు, కరణం ఉద్యోగాలు రద్దయ్యాక ఆ దస్త్రాలు చేతులు మారాయి. మాకు కావాల్సిన ఏళ్ల రిజిస్టరు బాబాయికి ఎక్కడా కనబడలేదు.

డీఎన్‌ఏ పరీక్ష చేయిద్దామంది మా అమ్మాయి. ఆ సంగతి ఇద్దరం కూర్చుని చదివాం. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము అన్నదమ్ములిద్దరిలోనూ ఒకటే, కాబట్టి ఎవరి కొడుకైనా ఫలితం అదే వస్తుంది. మిగతా పరీక్షలకు ఇప్పుడున్న మనవలూ మునిమనవలూ చాలా దూరం వచ్చేశారు. పైగా మా ఇంట్లో తరతరాలుగా మేనరికాలు. దూరపు చుట్టం కూడా దగ్గరి చుట్టంలా లెక్క తేలుతుంది.

బాబాయి దగ్గర ఇంకో ఫొటో ఉంది, గయలో పండా పుస్తకంలోని పేజీ. పిండాలు పెట్టించే పురోహితుడే పండా, వచ్చినవాళ్లు ఆయన పుస్తకంలో తమ వంశం పేర్లు రాస్తారు. తాతయ్య స్వయంగా రాసింది మాకు దొరికినంతలో అదొక్కటే. తండ్రి పేరు దగ్గర అన్నగారి పేరు రాశాడు. తల్లి పేరు దగ్గర ఇద్దరి పేర్లూ రాశాడు. అది చూస్తే నాకు దత్తత కథే నిజమనిపిస్తుంది. మా అమ్మాయి ఒప్పుకోదు. పెంచిన పిన్నిని అమ్మ అనుకోకూడదా అంటుంది. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఇంకో దారి మిగిలుంది. 1956 హిందూ దత్తత చట్టం రాకముందు మద్రాసు ప్రాంతంలో భర్త పోయిన స్త్రీ దత్తత తీసుకోవాలంటే భర్త ఇచ్చిన అనుమతో, జ్ఞాతుల, అంటే భర్త వైపు దాయాదుల సమ్మతో ఉండాలి. వీలునామాలో కాకుండా విడిగా రాసిన అనుమతి పత్రాన్ని, 1872 జనవరి 1 తర్వాతిదైతే, తప్పనిసరిగా రిజిస్టరు చేయాలి. వీలునామాలు, దత్తత అనుమతులు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో మూడో నంబరు పుస్తకంలో ఉంటాయి. రాసిన మనిషి బతికుండగా దాని నకలు ఇతరులకు ఇవ్వరు, పోయాక ఎవరు అడిగినా ఇవ్వొచ్చు. అన్నగారు నోటిమాటగా చెప్పి ఉంటే మాత్రం అందులో ఏమీ ఉండదు. జ్ఞాతుల సమ్మతితో జరిగినా అంతే. కాబట్టి అక్కడ కాగితం దొరకనంత మాత్రాన దత్తత జరగలేదని తేల్చలేం.

వంశవృక్షంలో ఇప్పటికి తాతయ్య పైన ఇద్దరు తండ్రులు, ఇద్దరు తల్లులు ఉన్నారు. మా అమ్మాయి వాడే సాఫ్ట్‌వేర్ అలా పెట్టనిస్తుంది. కన్నవాళ్లా, దత్తత తీసుకున్నవాళ్లా అని అడిగే చోట ఏదీ ఎంచుకోకుండా, ఏ పేరు ఏ కాగితంలో ఉందో ఏడాదితో సహా కింద రాసింది. టీచరుకు అది చాలింది.

తనకు చాలలేదు. వచ్చే నెల బాబాయి సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్తానన్నాడు. 1932కు ముందు ఏళ్ల ఇండెక్సులో వెతకడానికి అన్నగారి పేరును ఎన్ని రకాలుగా రాసి ఉండొచ్చో అన్నీ రాసి పంపింది. నిన్న రాత్రి అత్తయ్యకు తనే ఫోన్ చేసింది. "తాతయ్య వాళ్లిద్దరినీ ఏమని పిలిచేవారు? ఎవరిని అమ్మ అనేవారు, ఎవరిని పిన్ని అనేవారు?" అని అడిగింది. పాత సంగతులు వద్దన్న అత్తయ్యే కాసేపు ఆలోచించి, తనకు గుర్తు లేదనీ, అక్కకు తెలిసి ఉంటుందనీ, పొద్దున్నే అడిగి చెబుతాననీ అంది.