ఏం కాలేదమ్మా

పన్నెండు దాటింది, నిద్ర పట్టట్లేదు. చిన్నదాని మోకాలు ఇంకా కొంచెం ఉబ్బే ఉంది, ఇప్పటికి మూడుసార్లు వెళ్లి చూసొచ్చాను.

సియాటెల్ దగ్గర మంచులో స్కీయింగ్ చేసే స్నోక్వాల్మీ నుంచి వస్తూ కార్లో గంటసేపు ఈయనతో మాట్లాడలేదు. స్కీలు అద్దెకి తీసుకున్న చోట ఫారంలో పిల్ల బరువు 60 పౌండ్లని రాసేశారు, ఇంటికొచ్చి బాత్రూమ్ స్కేలెక్కిస్తే 47! పైగా పోయినేడు రెండు క్లాసులకెళ్లింది కదా అని స్కీయర్ టైప్ దగ్గర, అంటే ఎంత జోరుగా జారతారని అడిగే చోట, మెల్లగా జారేవాళ్లకుండే 1 పెట్టాల్సింది 2 పెట్టారు. ఆ షాపబ్బాయైనా పిల్లని ఒక్కసారి తేరిపార చూడొచ్చుగా, చూడలేదు, స్క్రూ తిప్పి ఇచ్చేశాడు. బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, వీటన్నిట్నీ బట్టే బైండింగ్, అదే బూటుని స్కీకి పట్టి ఉంచేది, ఎంత బిగించాలో చూస్తారు, ఎక్కువైతే పడ్డప్పుడు స్కీ ఊడదు, కాలు దాంతోపాటే మెలిపడిపోతుంది. అదే అయింది. బోర్లా పడుంది, ఎడమ స్కీ ఎటో తిరిగిపోయి ఉంది, బూటు మాత్రం దానికే అతుక్కునుంది. నేను వెళ్లేసరికి లేచి కూర్చుని "ఏం కాలేదమ్మా" అంది.

తల తగల్లేదు, నయం. పొద్దున అత్తయ్య హెల్మెట్ కింద మంకీ క్యాప్ తొడిగి పంపితే పార్కింగ్‌లోనే తీయించాను, అంత మందం టోపీ మీద హెల్మెట్ కదిలిపోతుంది, ఆ గొడవ ఇంకా ఇంట్లో నడుస్తోందనుకోండి. అయినా ఆ "ఏం కాలేదు" వింటే భయమేస్తుంది నాకు. 2009లో ఇంగ్లిష్ సినిమా నటి నటాషా రిచర్డ్‌సన్ స్కీయింగ్ నేర్చుకుంటూ బిగినర్ స్లోప్ మీదే పడి, తలకి తగిలినా, బానే ఉన్నానంది, రెండ్రోజుల్లో పోయింది.

నాకు ఏడేళ్లప్పుడు నాన్న సైకిల్ క్యారేజీ మీద భీమవరం మావుళ్లమ్మ జాతరకి వెళ్తూ కాలు చక్రంలో పెట్టేశాను. మడమ దగ్గర తోలు లేచిపోయింది. చెప్తే వెనక్కి తిప్పేస్తారని లంగా కిందకి లాక్కుని కూర్చున్నా, చెప్పంతా జిగట జిగటగా ఉన్నా రంగులరాట్నం ఎక్కా, జీళ్లు తిన్నా. ఇంటికొచ్చి కాళ్లు కడుగుతుంటే నీళ్లు ఎర్రగా పారాయి. నాన్న ఒక్క మాట అనలేదు, మర్నాడు చక్రానికి జాలీ బిగించుకొచ్చారు.

ఇదంతా ఈయన మీద కోపంతోనే మొదలెట్టాను, తీరా ఇక్కడిదాకా రాశాక పొద్దున నేనన్న మాట గుర్తొస్తోంది. "ఒక్కసారి పడ్డావంటే ఇంటికెళ్లిపోదాం" అన్నాను. ఇంక అది నిజమెందుకు చెప్తుంది? పడకముందు వేగం తగ్గడానికి స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి, కాళ్లు పిజ్జా ముక్కలా పెట్టి మూడుసార్లు దిగింది, నవ్వుతూనే ఉంది పాపం.

ఇందాక వెళ్లి పక్కన పడుకుని, తిట్టను, మళ్లీ తీసుకెళ్తాను, నిజం చెప్పమని అడిగా. కళ్లు మూసుకునే "లోపలివైపు నొప్పెడుతోందమ్మా, మెట్లెక్కితే" అంది.

పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.