మా పాప ముందు పన్ను కథ

మా పాపకు పై వరసలో కుడివైపు ముందు పన్ను ఎంతకీ రాలేదు. ఎడమది వచ్చింది, కుడివైపు పక్కపన్ను కూడా దిగింది. "కొందరికి లేటవుతుందిలే, కంగారుపడకు" అని మా అమ్మ. మామూలుగా ఈ పళ్లు 7, 8 ఏళ్లకు వస్తాయి. పాపకు తొమ్మిది నిండాయి. పక్కపన్ను ముందే వచ్చేసి నడిమిది రాకపోతే ఇక ఎదురుచూడకుండా ఎక్స్‌రే తీయించాల్సిందేనన్నారు డాక్టరమ్మ.

ఎక్స్‌రేలో పన్ను ఉంది, కానీ పొట్టిగా, వింతగా కనిపించింది. అది ఎటు తిరిగి ఉందో తెలియాలంటే సీబీసీటీ స్కాన్, అంటే దవడను అన్ని వైపుల నుంచీ చూపించే 3డీ ఎక్స్‌రే, కావాలన్నారు. అందులో బయటపడింది అసలు సంగతి: పన్ను తల పైకి, ముక్కు వైపు తిరిగి ఉంది. వేరు హాకీ కర్రలా వంగిపోయింది.

"చిన్నప్పుడు మూతి మీద పడిందా?" అని అడిగారు. మూడేళ్లప్పుడు మెట్ల మీంచి పడితే పాలపన్ను చిగుట్లోకి దిగబడిపోయింది. కొన్నాళ్లకు అదే కిందికి రావడంతో అందరం మర్చిపోయాం. పాలపన్ను వేరు వెనకాలే అసలు పన్ను తయారవుతూ ఉంటుందట. ఆ దెబ్బకు అప్పటికే గట్టిపడ్డ భాగం పక్కకు తిరిగిపోతే, తర్వాత పెరిగిన వేరు వంకరపోయింది.

వేరే చోట చూపిస్తే పీకించేయమన్నారు. పీకిస్తే ఆ చోట ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టాలన్నా దవడ ఎదుగుదల ఆగేదాకా కుదరదు. అన్నేళ్లు ముందు పన్ను లేకుండానా? వేరు ఇంకా పూర్తిగా పెరగలేదు కాబట్టి లాగి చూద్దామన్నారు మా డాక్టరమ్మ. ఎముకకు అతుక్కుని ఉంటే కదలకపోవచ్చనీ, తిరిగేటప్పుడు వేరు కొస పెదవి వైపు పొడుచుకురావచ్చనీ ముందే చెప్పేశారు. అలా దాచకుండా చెప్పడం నాకు నచ్చింది.

ముందు క్లిప్పులు పెట్టి చోటు చేశారు. తర్వాత మత్తు సూది ఇచ్చి, చిగురు తెరిచి, పన్నుకి చిన్న బటన్ అతికించి, దానికి సన్నటి చైన్ తగిలించారు. తడి తగిలితే బటన్ అతుక్కోదు. రక్తం ఊరుతుంటే గాజుగుడ్డ అద్దుతూ, గొట్టంతో పీలుస్తూ, చాలాసేపు అదే పని. చిగురు కుట్టేశాక చైన్ కొస మాత్రం బయటికి వేలాడింది. దాన్ని క్లిప్పుల తీగకు కట్టి మెల్లగా లాగడం మొదలుపెట్టారు. గట్టిగా లాగితే వేరుకే నష్టమట.

పన్ను దిగేకొద్దీ చైన్‌లో లింకులు కత్తిరించేవారు. పాప అద్దం ముందు నిలబడి రోజూ లెక్కపెట్టేది. మొదట బయటపడింది పన్ను వెనక వైపు! సగం తిరిగాక బటన్ తీసి ముందు వైపు అతికించారు. జంతికలు, చెరకు బంద్; ఇంట్లో పెద్ద గొడవలన్నీ దాని మీదే.

ఇప్పుడు పన్ను వరసలోకి వచ్చింది. చిగురు అంచు మాత్రం పక్కదాని కంటే కాస్త పైకి ఉంది, పెదవి లోపల వేలు పెడితే వేరు కొస గట్టిగా తగులుతుంది. చల్లటి దూది ఆనిస్తే పాపకు జివ్వుమంటోంది, అంటే నరం బతికే ఉన్నట్టు. ఆ కొస ఇబ్బంది పెడితే రూట్ కెనాల్ చేసి దాన్ని కోసేయాల్సి రావచ్చు. అది వచ్చే స్కాన్ చూశాక తేలుస్తామన్నారు.