మెడ నొప్పి సరే, మెట్టెలు ఏడిపించాయి

నిన్నటితో ఫిజియోథెరపీ పది రోజులయింది. చాలా రోజులకి కత్తెర చేతిలోంచి జారకుండా ఒక జాకెట్టు పూర్తిగా కత్తిరించాను. ఆ ఊపులోనే రాస్తున్నా.

గుంటూరులో 22 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. శ్రావణమాసం ఆర్డర్ల హడావిడిలో ఈ నొప్పి మొదలైంది. కుడివైపు మెడ దగ్గర నుంచి బొటనవేలి దాకా జివ్వుమని లాగేది. రాత్రిళ్లు చెయ్యి తల మీద పెట్టుకుంటేనే కాస్త కునుకు. బామ్ రాశాం, ఉప్పు కాపడం పెట్టాం. ఆడపడుచు పుత్తూరు కట్టు కట్టించుకోమంది. విరిగిన ఎముకకి కట్టే కట్టు నాకెందుకమ్మా అన్నాను.

ఎముకల డాక్టరు దగ్గర రెండు గంటలు కూర్చుంటే రెండు నిమిషాలు చూశారు. నొప్పి నాది, మాటలన్నీ మా ఆయనతో. నా మెడ మీద చెయ్యి కూడా వెయ్యకుండా ఎమ్మారై స్కాన్ (పెద్ద అయస్కాంతంతో ఒంటి లోపలి బొమ్మ తీసేది) రాసేశారు.

స్కానింగ్ సెంటర్లో 6,500 కట్టించుకున్న అమ్మాయి ఒక్క ముక్క చెప్పలేదు. లోపలికెళ్లాక ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదన్నారు. సూత్రాలు, గాజులు, కమ్మలు తీసి ఆయన చేతిలో పెట్టాను. మెట్టెలు మాత్రం కదల్లేదు. పెళ్లినాటివి, వేలు వాటి చుట్టూ పెరిగిపోయింది.

"ఇంటి దగ్గరే తీసుకుని రావాలని తెలీదా అమ్మా?" అని టెక్నీషియన్ వరండాలో అందరి ముందూ అరిచాడు. వెండి అయస్కాంతానికి అంటుకోదు కదా బాబూ అన్నాను. "అది వెండేనని గ్యారంటీ ఏంటి?" అన్నాడు. మా అమ్మ పెట్టిన మెట్టెలు! ఆయా సబ్బునీళ్లు తెచ్చి నా కాలు ఒళ్లో పెట్టుకుని తిప్పుతోంది. ఎదురు బెంచీలో మగవాళ్లు. వాళ్లిచ్చిన గౌనుకి వెనక రెండు నాడాలు ఊడిపోయి ఉన్నాయి, నొప్పి చేత్తోనే బిగించి పట్టుకున్నాను. అలాంటి గౌన్లు నేను గంటకి రెండు కుడతాను, నాడా ఊడితే డబ్బు వాపసు. మొత్తానికి వేలు కమిలిపోయాక వచ్చాయి. లోపల ఆ దడదడ శబ్దం నాకసలు లెక్కే అనిపించలేదు.

రిపోర్టులో మెడలో ఐదు, ఆరు ఎముకల (సి5-సి6) మధ్య ఉండే మెత్తటి దిండు లాంటి డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కుతోందని వచ్చింది. మాత్రలిచ్చారు, వేసుకుంటే మిషన్ మీదే తూగు.

ఫిజియో అమ్మాయి తలని కుడివైపు వంచి పైనుంచి మెల్లగా నొక్కింది. బొటనవేలి దాకా కరెంటు! "ఇదేనా ఆంటీ? చెయ్యి తల మీద పెట్టుకుంటే హాయిగా ఉంటుందా?" అంది. నేను చెప్పకుండానే! మెడలో ఎముకలు 7, నరాలు 8 జతలట, ఆరో నరం బొటనవేలి వైపు వెళ్తుందట. మెడ పట్టీ రోజంతా పెట్టుకుంటే కండరాలు నీరసిస్తాయని తీయించేసింది. మిషన్ కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచాం. చేతిలో పట్టు తగ్గిపోతున్నా, నడక తడబడుతున్నా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లమని మరీ మరీ చెప్పింది.

స్కాన్‌కి వెళ్లే ఆడవాళ్లు మెట్టెలు ముందురోజే కొబ్బరినూనె రాసి తీసెయ్యండి. నేనింకా పెట్టుకోలేదు. అత్తగారు రోజూ అడుగుతున్నారు. మళ్లీ స్కాన్ ఉండొచ్చని చెప్పి నెట్టుకొస్తున్నాను.