రాక్ క్రీక్ దగ్గర కనిపించని పేరు

మా నాయనమ్మ పుట్టింటి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మెట్టినింటి పేరుతోనే బతికింది, ఆ పేరుతోనే వెళ్లిపోయింది. అమెరికాలో యూటా రాష్ట్రపు సాల్ట్ లేక్ సిటీలో ఉన్న ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్రల గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చోగానే నాకు ఆ సంగతే గుర్తుకొచ్చింది. అక్కడి వంశవృక్షాల్లో ఆడవాళ్లను పుట్టింటి పేరుతో నమోదు చేస్తారు. ఆ పద్ధతి పుణ్యమా అని నాకు ఎలిజబెత్ జేవియర్ దొరికింది.

మా అమ్మాయికి ఆ ఊళ్లో ఉద్యోగం. నేను చూడటానికి వెళ్లినప్పుడు ఒక రాత్రి భోజనాల దగ్గర, "అమ్మా, 1856లో ఒకామె బొంబాయి నుంచి బయలుదేరి ఇక్కడిదాకా వచ్చిందట, చివర్లో మంచులో నడుస్తూ" అంది. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే గ్రంథాలయానికి పోయాం.

ఈ గ్రంథాలయం మోర్మన్లది. సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా ఉన్న క్రైస్తవ శాఖ వారిది. వాళ్లు పూర్వీకుల పేర్లను ఎంతో నిష్ఠతో వెతుకుతారు. చనిపోయినవారి తరఫున బతికున్నవారు ఆలయంలో బాప్తిస్మం తీసుకోవచ్చని వారి నమ్మకం. పేరు తెలియనిదే ఆ కార్యం జరగదు కాబట్టి 1894లోనే వంశచరిత్ర సంఘం పెట్టుకున్నారు. గ్రంథాలయంలోకి ఏ మతం వారైనా డబ్బు కట్టకుండా వెళ్లవచ్చు. హరిద్వార్ పండాల దగ్గరి యాత్రికుల వంశావళి పుస్తకాలను కూడా వీళ్లు మైక్రోఫిల్ముల్లోకి ఎక్కించారని తెలిసి నాకు ఒళ్లు పులకరించింది. తాతముత్తాతల పేర్లు ఒక తరం నుంచి మరో తరానికి అందించే ఆ పండాల పని విలువ ఇంత దూరంలో ఉన్నవాళ్లు గుర్తించారు.

ఎలిజబెత్ బొంబాయిలో పుట్టింది. జేవియర్ అనగానే మన పడమటి తీరపు క్రైస్తవ కుటుంబాలు మనసులో మెదులుతాయి. భర్త విలియం టెయిట్ బ్రిటిష్ సైన్యంలో పనిచేసినవాడు. ఆయన ముందుగా యూటా చేరాడు. ఆమె పసిబిడ్డను ఎత్తుకుని పుట్టింటిని వదిలి బయలుదేరింది. అమెరికాలో నడక మొదలుపెట్టేనాటికి ఆ ఒడి ఖాళీ. 1856 మే 4న లివర్‌పూల్ నుంచి కదిలిన థార్న్‌టన్ ఓడలో 764 మంది మోర్మన్ వలసదారులున్నారు, వారిలో ఆమె ఒకతె. న్యూయార్క్‌లో దిగి, రైల్లో అయోవా సిటీ చేరారు. అక్కడితో రైలు ఆఖరు. మిగిలిన రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం నడకే.

ఎడ్లబండ్లు కొనే స్తోమత లేని బీదవారి కోసం అప్పటి మోర్మన్ల నాయకుడు బ్రిగమ్ యంగ్, మనుషులే లాక్కెళ్లే తోపుడు బండ్ల పథకం పెట్టాడు. 1856 నుంచి 1860 వరకు పది బృందాల్లో సుమారు మూడు వేల మంది అలా వచ్చారు. పెద్దవారికి తలా 17 పౌన్ల సామాను, అంటే ఎనిమిది కిలోలకు లోపు. ఇప్పుడు విమానంలో చేతిసంచికి ఇచ్చే బరువంత. అందులోనే పక్కబట్టలు, కట్టుబట్టలు, వంటగిన్నెలు.

జేమ్స్ విల్లీ నాయకత్వంలో ఎలిజబెత్ ఉన్న సుమారు ఐదు వందల మంది బృందం జులై 15న కదిలింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆగస్టులో నెబ్రాస్కాలోని ఫ్లోరెన్స్ దగ్గర ఆగినప్పుడు లీవై సావేజ్ అనే ఆయన లేచి, చలికాలం ముంచుకొస్తోంది, ముసలివాళ్లూ పిల్లలూ తట్టుకోలేరు, ఇక్కడే ఆగిపోదామని కన్నీళ్లతో బతిమాలాడు. ఎక్కువమంది వెళదామన్నారు. అయితే నేనూ మీతోనే వస్తాను, మీతోపాటే కష్టపడతాను, అవసరమైతే చస్తాను అన్నాడు. ఈయన అంతకు కొంతకాలం ముందే కలకత్తా మీదుగా బర్మా వెళ్లి మతప్రచారం చేసి వచ్చినవాడు. ఆ గుంపులో మన దేశపు ఎండ ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఆమెకు ఒకరైనా ఉన్నాడని నాకు అదో ఊరట.

వాళ్లు నడిచిన దారి చూద్దామని మేమిద్దరం బయలుదేరాం. మొదటి రోజు కారులో వయోమింగ్‌లోని మార్టిన్స్ కోవ్ చేరాం. విల్లీ బృందం వెనకే వచ్చిన మార్టిన్ బృందం మంచులో చిక్కుకున్న చోటు అది. సందర్శకులు లాగి చూడటానికి అక్కడ తోపుడు బండ్లు ఉంచారు. అడ్డకర్ర పొట్టకు ఆనించుకుని నేనూ లాగాను. మట్టి దారిలో చక్రం కూరుకున్నప్పుడు భారమంతా నడుము మీదికి వచ్చింది. చేతికి తగిలిన కర్ర నున్నగా, వెచ్చగా ఉంది. వాళ్ల బండ్లు పచ్చికర్రతో చేసినవి. ఎండకు కర్ర ఎండి బీటలు తీసేది, ఇసుక ఇరుసులను తినేసేది. కందెన లేక తినడానికి ఉంచుకున్న పందిమాంసపు కొవ్వు, సబ్బు పూశారు. పాత బూట్ల తోలు, తగరపు పళ్లేల రేకు ఇరుసుకు చుట్టారు. వంద గజాలు లాగి నేను ఆగిపోయాను. మా అమ్మాయి ఏమీ అనకుండా వచ్చి అడ్డకర్రకు రెండో వైపు పట్టుకుంది.

మర్నాడు లాండర్ ఊరి మీదుగా రాక్ క్రీక్ వాగు దగ్గరికి వెళ్లాం. చివరి దారంతా కంకర. ఎటు చూసినా బూడిదరంగు సేజ్ పొదలు. ఆకు నలిపితే కర్పూరం లాంటి ఘాటు. సెప్టెంబరే అయినా గాలి చెవులు కోసేసింది.

1856 అక్టోబర్ 19న మొదటి మంచు కురిసిన రోజునే విల్లీ బృందం పిండి అయిపోయింది. సాల్ట్ లేక్ నుంచి సహాయబృందం 21న వారిని చేరుకుంది. అయినా ముందుకు కదలక తప్పలేదు. 23న మంచుతుపానులో రాకీ రిడ్జ్ అనే రాళ్లగుట్ట ఎక్కి దిగి, ఈ వాగు ఒడ్డుకు వచ్చారు. పదకొండేళ్ల జేమ్స్ కర్క్‌వుడ్ నాలుగేళ్ల తమ్ముణ్ని మోసుకొచ్చి, మంట దగ్గర దించి, తాను ప్రాణం విడిచాడు. మర్నాడు పదమూడు మందిని ఒకే గోతిలో పూడ్చారు. గొయ్యి తవ్విన ఇద్దరూ తర్వాత చనిపోయారు.

రాతి స్మారకం మీద ఆ పదిహేను పేర్లూ ఉన్నాయి. వేలితో ఒక్కొక్కటీ తాకుతూ చదివాను. వంశం వెతికేవారికి పేరు కనిపిస్తే సంబరం. నాకు మాత్రం ఆ పట్టిక చివరికి వచ్చేదాకా గుండె దడదడలాడింది. ఎలిజబెత్ బతికి నవంబర్ 9న బృందంతోపాటు సాల్ట్ లేక్ సిటీ చేరిందని ముందే చదివాను, అయినా సరే, అక్కడ నిలబడ్డాక కళ్లతో చూసుకుంటే తప్ప మనసు ఒప్పుకోలేదు. ఆమె పేరు లేదు.

"ఉందా అమ్మా?" అని కారు దగ్గర నుంచి కేకేసింది మా అమ్మాయి.

"లేదు" అన్నాను. గాలికి నా గొంతు తనకు చేరలేదేమో, మళ్లీ గట్టిగా చెప్పాను.

టెయిట్ దంపతులు కాపురం పెట్టిన సీడర్ సిటీ సాల్ట్ లేక్‌కు దక్షిణంగా నాలుగు వందల కిలోమీటర్లు. వచ్చే శనివారం అక్కడికే.