స్మోక్డ్ టర్కీ సూప్: చివరికి బీన్స్ ఉడికాయి

ఎట్టకేలకు బీన్స్ ఉడికాయి! నెల రోజులుగా ప్రతి శనివారం ఇదే పని. పొగబెట్టిన టర్కీ కాలు మొదటి రోజునుంచీ బాగానే కుదురుతోంది, ఎముక పట్టుకుంటే మాంసం ఊడి వచ్చేస్తుంది. పేచీ అంతా నేవీ బీన్స్ అనే చిన్న తెల్ల గింజలతోనే.

మొదటిసారి టమాటాలు ముందే వేశాను, పులుపు పడితే ఏ గింజైనా బిగుసుకుంటుంది కాబట్టి అది నా తప్పే. రెండోసారి పులుపన్నదే లేదు. 450 గ్రాముల బీన్స్ పది గంటలు నానబెట్టి, 650 గ్రాముల కాలు, రెండున్నర లీటర్ల నీళ్ళు పోసి, సన్నని మంట మీద మూడు గంటల పది నిమిషాలు ఉంచాను. గింజని వేళ్ళతో నొక్కితే పైతోలు ముడతపడి జారింది కానీ లోపల సుద్దముక్కలా పటుక్కుమని విరిగింది. పాత సరుకేమోనని మూడోసారి కామెలియా బీన్స్ తెచ్చి (నాకు నచ్చే బ్రాండ్ ఇదే, గింజలన్నీ ఒకే సైజులో ఉంటాయి) పావు టీస్పూను వంటసోడా వేశాను. మెత్తబడ్డాయి, కానీ సూప్‌కి సబ్బు రుచి వచ్చి పొగ రుచి మొత్తం పోయింది. సూప్‌లో సోడా ఇక వేయను.

అమ్మకి ఫోన్ చేస్తే "ఉప్పునీళ్ళకి పప్పు ఉడకదే, మనూళ్ళో పప్పులోకి చెరువు నీళ్ళే తెచ్చేవాళ్ళం కదా" అంది. నేను ఉప్పు అనే మాట పట్టుకుని, టర్కీలో ఉన్న ఉప్పే కారణం అనుకుని కాలుని రెండు గంటలు నీళ్ళలో నానబెట్టడం మొదలుపెట్టాను. ఉప్పు తగ్గింది, బీన్స్ మాత్రం అలాగే ఉన్నాయి.

తర్వాత తట్టింది. మనం ఉప్పునీళ్ళు అనేది ఎక్కువగా సున్నం ఉన్న నీళ్ళని. మేముండే శాన్ ఆంటోనియోలో (టెక్సస్) కుళాయి నీళ్ళు చాలావరకు ఎడ్వర్డ్స్ ఆక్విఫర్ అనే భూగర్భ జలాశయానివి, అంటే సున్నపురాయి పొరల్లోంచి వచ్చేవి. మా కెటిల్ అడుగున తెల్లటి గార కడుతూనే ఉంటుంది. ఆ సున్నంలోని కాల్షియం గింజ తోలులో జిగురులా ఉండే పెక్టిన్‌ని పట్టుకుని బిగిస్తుంది.

మాంసం లేకుండా మూడు చిన్న గిన్నెలు పెట్టాను, ఒక్కోదాంట్లో వంద గ్రాముల బీన్స్. కుళాయి నీళ్ళలో రెండుంపావు గంటలైనా సుద్దే. సున్నం లేని డిస్టిల్డ్ వాటర్‌లో 70 నిమిషాలకి వెన్నలా అయ్యాయి. డిస్టిల్డ్ వాటర్‌లో లీటరుకి 15 గ్రాముల ఉప్పు వేసిన మూడో గిన్నె 75 నిమిషాలకి అయింది, తోలు కూడా పగల్లేదు! అంటే పాపం ఉప్పుది కాదు. ఈ వారం నానబెట్టడానికీ వండటానికీ కలిపి ఒకటిన్నర గ్యాలన్ల డిస్టిల్డ్ వాటర్ వాడాను, గంటన్నరలో సూప్ అయిపోయింది.

ప్రెషర్ కుక్కర్‌లో పెట్టొచ్చుగా అని ఇంట్లో అడుగుతున్నారు. అందులో పొగ రుచి మొద్దుబారుతుందనిపిస్తుంది నాకు, లాడ్జ్ కంపెనీ ఎనామెల్ కుండలో మూత కొంచెం ఓరగా పెట్టి మరిగిస్తే వచ్చే చిక్కదనమే వేరు.

ఫ్రీజర్‌లో రెండు స్మోక్డ్ టర్కీ మెడలున్నాయి. ఇక్కడివాళ్ళు వాటిని కాలర్డ్ అనే, క్యాబేజీ జాతి ఆకుకూరతో వండుతారు, నేను గోంగూర వేద్దామనుకుంటున్నాను. దానిదీ పులుపే కాబట్టి బీన్స్ పూర్తిగా మెత్తబడ్డాక, చివరి పది నిమిషాల్లోనే వేయాలి. ఎండుమిర్చి ఎన్ని పడతాయో అప్పుడు రుచి చూసి తేల్చుకుంటాను.