రాత్రి ఒంటిగంటకు బండి బయటికి వస్తుందా?

షార్జాలో ఉండే తమ్ముడు అమ్మకూ బాపుకూ తన దగ్గరికి రావడానికి టికెట్లు తీసి వాట్సాప్‌లో పంపినప్పుడు నేను తేదీ చూశాను, అమ్మ ధర అడిగింది. టైం చూసింది మా ఆయన ఒక్కరే. "4:20 అంటే తెల్లారగట్ల కదా!" అన్నారు. తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు నవ్వాడు. "చవక టికెట్లన్నీ గా టైంలనే ఉంటయక్కా. పగటి ఫ్లైట్ అయితే ఇద్దరికి కలిపి ఇంకో పదకొండు వేలు ఎక్కువైతది."

లెక్క వేసుకున్నాం. విదేశీ ప్రయాణం కాబట్టి మూడు గంటల ముందు చేరాలి, అంటే రాత్రి 1:20. హనుమకొండ నుంచి జనగామ, ఆలేరు, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి శంషాబాద్ చేరాలంటే దాదాపు 170 కిలోమీటర్లు. రాత్రి 9:30కి బయలుదేరితే సరిపోతుంది. కాగితం మీద అంతా బాగానే ఉంది.

మాకు కూతవేటు దూరంలో మామునూరు ఉంది, 1930లో నిజాం కట్టించిన ఎయిర్‌పోర్టు. మూతపడిన దాన్ని మళ్లీ తెరుద్దామంటే, శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్ల దాకా ఇంకోటి రాకూడదన్న ఒప్పందం అడ్డం పడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఎట్టకేలకు సరేనంది. "అదయ్యేదాంక ఆగుదామా మరి?" అని బాపు ఎగతాళి. బాపు సింగరేణి రిటైర్డ్. శంషాబాద్‌లో గది తీసుకుందామన్న మాట ఎత్తగానే ఆయన చేతులడ్డం పెట్టారు. "నాలుగు గంటల నిద్రకు గదెందుకు బిడ్డా? ముప్పై ఏండ్లు నైట్ షిఫ్ట్ చేసినోన్ని, ఒక్క రాత్రి కూసోలేనా?"

నిజమే, బాపు కూర్చోగలరు. నేను ఆలోచించింది మా ఆయన గురించి. ఆ రోజు పొద్దున ఆఫీసుకు పోయి, సాయంత్రం వచ్చి, రాత్రి 170 కిలోమీటర్లు బండి నడిపి, వాళ్లను దించి, అర్ధరాత్రి రెండింటికి మళ్లీ వెనక్కి 170 కిలోమీటర్లు. పోయేటప్పుడు బండిలో నలుగురం మాట్లాడుకుంటూ పోతాం. వచ్చేటప్పుడు నేనొక్కదాన్నే పక్కన, నేనూ జోగుతుంటా. విమానం ఎక్కేవాళ్లకు సీట్లో నిద్ర దొరుకుతుంది. దించి వచ్చేవాడికే గది కావాలి. ఈ మాట చెప్పాక అమ్మ నా పక్కకొచ్చింది. అల్లుడి నిద్ర అనగానే బాపు కూడా మెత్తబడ్డారు కానీ, "గది వెయ్యి దాటితే మాత్రం వద్దు" అని షరతు పెట్టారు. సరేనన్నాను. వెయ్యిలో రాదని నాకప్పటికే తెలుసు.

ఇక వెతుకులాట. ఎయిర్‌పోర్టులోనే ఉన్న నోవోటెల్ ధర ఒకసారి చూసి ఫోన్ పక్కన పెట్టాను. తర్వాత యాప్‌లో దూరాన్ని బట్టి వరుస పెట్టమన్నాను, అక్కడే మొదటి తప్పు. 'ఎయిర్‌పోర్టుకు 1.9 కి.మీ.' అని ఒకటి కనిపించింది, ధర కూడా 1,250. వెంటనే బుక్ చేశాను. రాత్రి మా ఆయన మ్యాప్ తెరిచి, హోటల్ నుంచి ఎయిర్‌పోర్టు అని కాకుండా, హోటల్ నుంచి డిపార్చర్ గేటుకు అని పెట్టారు. తొమ్మిది కిలోమీటర్లు! శంషాబాద్ ఎయిర్‌పోర్టు స్థలం దాదాపు 5,500 ఎకరాలు. దాని గోడ ఎన్నో ఊళ్ల పక్కనుంచి పోతుంది. ఆ 1.9 కాకి ఎగిరే దూరం. మనం ఎగరం కదా, హైవే మీద యూటర్న్ తీసుకుని, ఎయిర్‌పోర్టు రోడ్డు పట్టుకుని తిరిగి రావాలి.

అంతకంటే పెద్ద సంగతి పొద్దున హోటల్‌కు ఫోన్ చేస్తే బయటపడింది. గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. బాపుకు కిందటేడు మోకాలి ఆపరేషన్ అయింది. రద్దు చేసుకోవడానికి గడువుంది కాబట్టి డబ్బులు పోలేదు.

దాంతో పద్ధతి మార్చాను. యాప్‌లో గదుల ఫొటోలు చూడటం మానేశాను. దుప్పట్లన్నీ తెల్లగానే ఉంటాయి, అన్నింటి మీదా హంసలా మడిచిన ఒక టవల్ ఉంటుంది. రివ్యూల్లో కొత్తవి ముందు పెట్టి, వాటిలో లిఫ్ట్, పార్కింగ్, రాత్రి అన్న మాటల కోసం వెతికాను. 'ఎయిర్‌పోర్టుకు దగ్గర, బాగుంది' అని రాసినవాళ్ల వల్ల ఎవరికీ లాభం లేదు. 'రాత్రి రెండింటికి షట్టర్ వేసి ఉంది, వాచ్‌మన్‌ను లేపడానికి పావుగంట పట్టింది' అని ఒకాయన రాశాడు చూడండి, ఆయనకు దండం పెట్టాలి. అది చదివాకే నాకొక ఉపాయం తట్టింది. మిగిలిన నాలుగు హోటళ్లకూ పగలు కాకుండా రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేశాను. రెండు చోట్ల ఎవరూ ఎత్తలేదు. మూడో చోట ఎత్తినాయన నిద్రమత్తులో "పొద్దున చెయ్యండి మేడం" అన్నాడు. నాలుగో చోట మాత్రం ఒక అబ్బాయి ఓపిగ్గా అన్నీ చెప్పాడు. లిఫ్ట్ ఉంది. రిసెప్షన్‌లో రాత్రంతా మనిషి ఉంటాడు. బండి సెల్లార్‌లో పెట్టుకోవచ్చు. చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండు, చెక్-అవుట్ మర్నాడు పదకొండు. 'ఉచిత షటిల్' అని యాప్‌లో ఉన్న సంగతి అడిగితే, అది పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకానేనట. మా బండి మాకుంది కాబట్టి ఆ బాధ లేదు గానీ, దాన్ని నమ్ముకుని మూడింటి ఫ్లైట్‌కు వచ్చేవాళ్ల గతి ఏమిటి?

గది 1,900. గదికి ముగ్గురినే రానిస్తారు కాబట్టి రెండు గదులు. మొత్తం 3,800, పైన టాక్సు. బాపుకు చెప్పిన లెక్క: ఒక్కోటి వెయ్యి. అమ్మ నా ముఖం చూసింది, ఏమీ అనలేదు.

కార్తీక మాసం, పెళ్లిళ్ల రోజులు. శంషాబాద్ హైవే పొడుగునా ఫంక్షన్ హాళ్లే అన్న సంగతి నాకు గుర్తుకు రాలేదు. సాయంత్రం ఆరింటికి హోటల్ చేరేసరికి ఎదురుగా ఒక హాలు కరెంటు దీపాలతో వెలిగిపోతోంది. గుర్రం కూడా వచ్చి నిలబడి ఉంది. బాపు మంచం మీద ఒరిగిన ఐదు నిమిషాలకే గురక మొదలుపెట్టారు. బ్యాండు మోగినా, డీజే పెట్టినా ఆయన కదల్లేదు. నైట్ షిఫ్ట్ చేసినవాళ్లకు పగలు నిద్రపోవడం అలవాటు కదా, ఏ చప్పుడూ అడ్డం కాదు. మా ఆయనా కాసేపు నడుం వాల్చారు. అమ్మ మాత్రం సకినాల డబ్బా సూట్‌కేసులో సరిగ్గా ఉందో లేదో అని మూడుసార్లు తీసి చూసింది. దానివల్ల సంచి బరువు మళ్లీ మారిందేమోనని నాకు టెన్షన్. ఇంట్లో కొక్కెం తూకంతో తూచి పెట్టినవి అవి.

బిల్లు దగ్గర ఒక చిన్న పంచాయితీ. నేను పనిచేసేది ఆడిటర్ ఆఫీసులో. వాళ్లు 3,800 మీద 12 శాతం వేసి 4,256 అని ఇచ్చారు. రోజుకు 7,500 లోపు గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. అంటే 3,990 కావాలి. ఆ అబ్బాయికి చెబితే కంప్యూటర్ అట్లనే తీసుకుంటోందన్నాడు. నేను కదలకుండా నిలబడ్డాను. మేనేజర్ వచ్చి సరిచేశాడు. 266 రూపాయలే అయినా, ఆఫీసులో ఇదే పని చేసే దాన్ని, ఎట్లా వదులుతాను?

అసలు కథ రాత్రి 12:40కి. సామాన్లు లిఫ్ట్‌లో దించి సెల్లార్‌కు పోతే మా బండి వెనక రెండు కార్లు అడ్డం పెట్టి ఉన్నాయి. హోటల్లో దిగినవాళ్లవి కావు, పెళ్లికొచ్చిన వాళ్లవి. హాలు ముందు జాగా లేక ఇక్కడ పెట్టి పోయారట. వాచ్‌మన్ "ఇప్పుడే పిలుస్తా అన్నా" అని రోడ్డు దాటి పోయాడు. పోయినవాడు పోయినట్టే. ఇరవై నిమిషాలు. బాపు గోడకానుకుని నిలబడి "నేను చెప్పలేదా" అన్నట్టు చూస్తున్నారు. నాకు గుండెల్లో రాళ్లు పడ్డాయి. చివరికి మా ఆయనే హాల్లోకి పోయి, భోజనాల దగ్గర మైకున్నాయన్ని బతిమాలి, రెండు బండ్ల నంబర్లు చదివించారు. ఒకాయన చేతిలో ఐస్‌క్రీం కప్పుతోనే పరుగెత్తుకొచ్చాడు పాపం, "సారీ అన్నా, సారీ అన్నా" అంటూ. రెండో కారు తీయకపోయినా సందులోంచి ఎట్లాగో బయటపడ్డాం. లిఫ్ట్ అడిగాను, షట్టర్ అడిగాను, పార్కింగ్ ఉందా అని కూడా అడిగాను. రాత్రి ఒంటిగంటకు బండి బయటికి వస్తుందా అని అడగలేదు.

గేటు దగ్గరికి 1:25కి చేరాం. టికెట్ లేనివాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి మా ప్రయాణం అక్కడితో ఆఖరు. వీల్‌చైర్ కావాలని తమ్ముడు రెండు రోజుల ముందే చెప్పి పెట్టాడు, దానికి డబ్బులేమీ లేవు. మనిషి వచ్చి బాపును కూర్చోబెట్టుకుంటే ఆయనకు ఎంత నామోషీనో! అమ్మ నా చెయ్యి పట్టుకుని, "మేడారం జాతరకు ముందే వచ్చేస్తం, ఎత్తు బంగారానికి బెల్లం చెప్పి పెట్టు" అంది. ఎత్తు బంగారమంటే అక్కడి అమ్మవార్లకు ఇచ్చే మనిషి బరువంత బెల్లం. జాతర 2026 జనవరి 28న మొదలు. ఆ వేళప్పుడు, ఆ గేటు దగ్గర, ఆమెకు గుర్తొచ్చింది అది.

వెనక్కి హోటల్‌కు వచ్చి రెండింటికి పడుకుంటే మళ్లీ ఏడున్నరకే మెలకువ. పొద్దుటి ఎండలో ఔటర్ మీద వస్తుంటే మా ఆయన, "రాత్రే బయలుదేరి ఉంటే ఈ పాటికి ఏ ఆలేరు దగ్గరో పక్కకు ఆపి పడుకునేవాణ్ని" అన్నారు. పడుకునేవారో, ఆపకుండానే పడుకునేవారో.

తిరుగు ప్రయాణం జనవరి 11. రాత్రి 1:10కి దిగుతారు. ఈసారి నాకు అన్నీ తెలుసన్న ధీమా. అదే హోటల్, రెండు గదులు, 11వ తేదీ. ముందే డబ్బు కడితే రెండు వందలు తక్కువని, రద్దు కుదరని రేటు తీసుకున్నాను. ముహూర్తాలు లేవని కూడా క్యాలెండర్‌లో చూసుకున్నాను. మేమిద్దరం నేరుగా ఎయిర్‌పోర్టుకే పోయి, వాళ్లను ఎక్కించుకుని రెండున్నరకు హోటల్‌కు వచ్చాం. సెల్లార్ ఖాళీ. రిసెప్షన్‌లో మనిషి మేలుకునే ఉన్నాడు. కంప్యూటర్ చూసి, "మేడం, మీ బుకింగ్ ఇవాళ మధ్యాహ్నం పన్నెండు నుంచి" అన్నాడు.

అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. 11వ తేదీ రాత్రి ఒంటిగంట అంటే నా బుర్రలో 11 రాత్రి. హోటల్ లెక్కలో అది 10వ తేదీ రాత్రి. 10న మధ్యాహ్నం పన్నెండుకు మొదలై 11 పొద్దున పదకొండుకు అయిపోయే రోజు అది. నేను బుక్ చేయాల్సింది 10వ తేదీ. ఇన్ని ఫోన్లు చేసి, ఇంత చదివి, తేదీ దగ్గర బోల్తా పడ్డాను. యాప్‌లో కట్టిన డబ్బులో తన చేతిలో ఏమీ లేదని, గదులు ఖాళీగానే ఉన్నాయి కాబట్టి ఈ రాత్రికి సగం రేటుకు ఇస్తానని ఆ అబ్బాయి అన్నాడు. న్యాయంగానే అన్నాడు.

"సగం అంటే ఎంత?" అని వెనక నుంచి బాపు. నేను చెప్పేలోపే ఆ అబ్బాయి, "గదికి తొమ్మిది వందల యాభై సార్" అన్నాడు.

బాపు కుర్చీలోంచి లేవలేదు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కాసేపు లెక్క చూసుకున్నారు. "సగమే తొమ్మిది వందల యాభై అయితే, పూర్తి గది వెయ్యి ఎట్లయితది బిడ్డా?"

అమ్మ లిఫ్ట్ బటన్ నొక్కింది.